వాహనాల మధ్య వైర్‌లెస్ హెచ్చరికలు: సిగ్నల్ పంపడం సులువే, బీప్ కొట్టాలా వద్దా అన్నదే కష్టం

ప్రశ్న: ముందు వెళ్తున్న కారు సడన్‌గా బ్రేక్ వేస్తే వెనక వచ్చే కార్లకు వైర్‌లెస్‌లో హెచ్చరిక అందే టెక్నాలజీ 20 ఏళ్లకు పైగా ఉందని చదివాను. మరి రోడ్డు మీద ఎందుకు కనిపించదు? రాడార్, కెమెరా ఉన్న కార్లకు ఇది అవసరమా? అందరి దగ్గరా ఫోన్లు ఉన్నాయి కదా, ఒక యాప్ సరిపోదా? ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా రెండు చిన్న వైఫై బోర్డులతో డెమో చేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

ఈ రంగంలో చాలా ఏళ్లు పనిచేశాను. మొదట రేడియో వైపు, తర్వాత హెచ్చరిక ఇచ్చే సాఫ్ట్‌వేర్ వైపు. సిగ్నల్ అవతలికి చేరితే పని అయిపోయినట్టే అనుకుని దిగాను. సిగ్నల్ చేరడం మొదటి ఆరు నెలల్లోనే అయిపోయింది. మిగతా కాలమంతా ఒక్క ప్రశ్నే తినేసింది: వచ్చిన మాటను నమ్మి డ్రైవర్ చెవిలో బీప్ కొట్టాలా, ఊరుకోవాలా? మీరు అడిగినవన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ముందు కారు బ్రేక్ వేయగానే ‘ఆగండి’ అని వెనక కార్లకు ఆదేశం పంపుతుందని చాలామంది ఊహ. అలాంటిదేమీ లేదు. ఈ రేడియో ఉన్న ప్రతి వాహనమూ, బ్రేక్ వేసినా వేయకపోయినా, మామూలుగా సెకనుకు 10 సార్లు తన గురించి తానే దండోరా వేసుకుంటూ పోతుంది. నేను ఫలానా చోట ఉన్నాను, ఇంత ఎత్తులో ఉన్నాను, నా వేగం ఇంత, ఈ దిక్కుగా వెళ్తున్నాను, స్టీరింగ్ ఇంత తిరిగి ఉంది, బ్రేక్ పడింది లేదా పడలేదు, నా పొడవు వెడల్పు ఇంత. అమెరికా ప్రమాణాల్లో దీని పేరు బేసిక్ సేఫ్టీ మెసేజ్. యూరప్‌లో ఇలాంటి సందేశాన్నే కామ్ అంటారు, అది వాహనం కదలికను బట్టి సెకనుకు 1 నుంచి 10 సార్లు వెళ్తుంది. వేగం తగ్గే రేటు 0.4 జీ (భూమి ఆకర్షణలో 0.4 వంతు) దాటేంత గట్టిగా బ్రేక్ పడితే అమెరికా సందేశంలో ఒక ఫ్లాగ్, అంటే ‘గట్టి బ్రేక్’ అన్న గుర్తు, అదనంగా లేస్తుంది. అంతే.

పంపే కారుకు ఎవరు వింటున్నారో తెలియదు, తెలియక్కర్లేదు. విన్నామని ఎవరూ జవాబు కూడా ఇవ్వరు. ఇందులో నాకు ప్రమాదం ఉందా లేదా అన్న లెక్క మొత్తం వినే కారుదే. పంపడం ఎందుకు సులువో, వినడం ఎందుకు కష్టమో ఇక్కడే అర్థమవుతుంది.

ఇంట్లో ఫోన్ వైఫైకి కలవాలంటే రౌటర్‌తో పలకరింపులు, పాస్‌వర్డ్ సరిచూసుకోవడం, అడ్రస్ తీసుకోవడం, ఇదంతా అయ్యేసరికి ఒకటి రెండు సెకన్లు పోతాయి. 100 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు కార్లు ఒక్క సెకనులో 55 మీటర్లు దగ్గరవుతాయి. పలకరింపులు పూర్తయ్యేలోపు ఒకదాన్ని ఒకటి దాటేసి ఉంటాయి. అందుకే 2010లో ఆమోదం పొందిన 802.11పీ అనే వైఫై ప్రమాణం ఈ కలవడం అనే తంతునే తీసి పారేసింది. 5.9 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒక ఛానల్, దాని మీద అందరూ మాట్లాడతారు, అందరూ వింటారు. మామూలు వైఫైలో 20 మెగాహెర్ట్జ్ ఉండే ఛానల్‌ను ఇక్కడ 10కి తగ్గించారు. దాంతో ఒక్కో సింబల్ (డేటాను మోసే ఒక్కో తరంగపు ముక్క) రెట్టింపు సాగి 8 మైక్రోసెకన్లు అయింది, అందులో ఖాళీగా వదిలేది 1.6 మైక్రోసెకన్లు. గోడలకూ లారీలకూ తగిలి ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వనులు తర్వాతి సింబల్ మీద పడకుండా ఆ ఖాళీ కాపాడుతుంది.

దూరం సరిపోతుందా అని అడుగుతారు. 100 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 27.8 మీటర్లు. డ్రైవర్ తేరుకోవడానికి 1.5 సెకను వేసుకుంటే 42 మీటర్లు పోతాయి. పొడి రోడ్డు మీద గట్టి బ్రేక్‌కి ఇంకో 55 మీటర్లు. మొత్తం దాదాపు 97. ఖాళీ రోడ్డు మీద ఈ రేడియో 300 మీటర్లు తేలిగ్గా అందుతుంది. సందేశాల్లో సగం గాల్లో పోయినా, వరుసగా ఐదు పోయే అవకాశం 32లో ఒకటి, వరుసగా పది పోయే అవకాశం వెయ్యిలో ఒకటి. కాగితం మీద చూస్తే టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

కానీ నష్టాలు అలా విడివిడిగా రావు. 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 5 సెంటీమీటర్లు. అంత చిన్న తరంగం అడ్డం వచ్చినదాన్ని చుట్టుకుని పెద్దగా వెళ్లదు. మేము రెండు కార్ల మధ్య ఒక కంటైనర్ లారీని నడిపించి చూశాం. లారీ సరిగ్గా మధ్యలోకి రాగానే సందేశాలు ఒకటి రెండు కాదు, గుంపుగా పోయేవి. లారీ ఒక పక్కకి జరగ్గానే మళ్లీ వచ్చేవి. అంటే డ్రైవర్‌కి ముందేముందో కనిపించని ఆ క్షణంలోనే రేడియోకీ కాస్త చూపు మందగిస్తుంది. కారు పైకప్పు మీద యాంటెన్నా ఉంటే మేలు, బంపర్‌లో దాస్తే అన్యాయం. డిజైన్ వాళ్లతో మా గొడవలన్నీ దీని మీదే. వీధి మూలల్లో భవనాలు ఉన్న కూడళ్ల దగ్గర కూడా ఇదే కథ, సిగ్నల్ ఎదుటి గోడకు తగిలి తిరిగి రావాలి. జపాన్ వాళ్లు 760 మెగాహెర్ట్జ్ బ్యాండ్ తీసుకోవడానికి ఒక కారణం ఇదే. ఆ తరంగం మూల బాగా తిరుగుతుంది, కాకపోతే అక్కడ దొరికే ఛానల్ చిన్నది. టయోటా 2015లో క్రౌన్ కారులో పెట్టిన ఐటీఎస్ కనెక్ట్ అనే ఇలాంటి హెచ్చరిక వ్యవస్థ ఆ బ్యాండ్ మీదే నడుస్తుంది.

రాడార్ ఉండగా ఇదెందుకు అన్నారు. రాడార్‌కి, కెమెరాకి తమ ఎదుట ఉన్నదే లోకం. ఐదు కార్లు వరుసగా పొగమంచులో 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాయి అనుకోండి. ఎవరికీ తన ముందు కారు బ్రేక్ లైటు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. మొదటి కారు బ్రేక్ వేసింది. ఒక్కొక్కరూ తేరుకోవడానికి 1.2 సెకను చొప్పున తీసుకుంటే, ఐదో డ్రైవర్ కాలు బ్రేక్ మీద పడేసరికి 4.8 సెకన్లు. ఈలోపు అతని కారు 106 మీటర్లు వెళ్లిపోయింది. మొదటి కారు మాట నేరుగా ఐదో కారుకు అందితే సందేశానికి ఓ 0.2 సెకను, తేరుకోవడానికి 1.2, కలిపి 1.4 సెకన్లు, 31 మీటర్లు. మిగిలిన 75 మీటర్లే ఈ టెక్నాలజీ ఇచ్చే లాభం. పైగా ముందు కారు నెమ్మదించాక గానీ రాడార్‌కి ఆ విషయం తెలియదు, ఇక్కడ పెడల్ నొక్కిన సంగతే నేరుగా వస్తుంది.

అలాగని రాడార్‌ని తీసేయమని కాదు. రోడ్డు మీద విరిగి పడిన కొమ్మ తన గురించి దండోరా వేయదు. ఈ రేడియో లేని పాత కారూ వేయదు. రాడార్‌ది కళ్లారా చూసిన సాక్ష్యం, వీటూవీది, అంటే వాహనాల మధ్య నడిచే ఈ రేడియోది, చెవిన పడిన మాట. చెవిన పడిన మాట మీద కారు తనంతట తాను ఎమర్జెన్సీ బ్రేక్ వేసేయడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. డ్రైవర్‌ని అప్రమత్తం చేయడానికి, రాడార్‌ని ‘అటు ఓ కన్నేసి ఉంచు’ అనడానికి అది చాలు.

చెవిన పడిన మాటలో తప్పు ఎక్కడ దూరుతుందో చెప్తాను, ఎందుకంటే నా జీతంలో ఎక్కువ భాగం దానికే వచ్చింది. అది జీపీఎస్‌లో దూరుతుంది. అమెరికా ప్రమాణం కారు స్థానం దాదాపు 1.5 మీటర్ల లోపు కచ్చితంగా ఉండాలంటుంది, అదీ ఆకాశం బాగా కనిపించే చోట, మూడింట రెండు వంతుల సమయం. లేన్ వెడల్పు 3.5 మీటర్లు. పంపేవాడికి ఒక పొరపాటు, వినేవాడికి ఇంకొకటి. రెండు కార్లూ అవే ఉపగ్రహాలను చూస్తుంటే రెండు పొరపాట్లూ ఒకే వైపు లాగి కొంత రద్దయిపోతాయి. వేర్వేరు చిప్‌లు, వేర్వేరు ఫిల్టర్లు ఉంటే ఆ ఆశ కూడా తగ్గుతుంది. అప్పుడు ఆగి ఉన్న కారు నా లేన్‌లో ఉందా, పక్క లేన్‌లో ఉందా? తప్పుగా పక్క లేన్ అనుకుంటే ఊరుకుంటాం, గుద్దుకుంటాం. తప్పుగా నా లేన్ అనుకుంటే అనవసరంగా బీప్ కొడతాం.

అనవసరపు బీప్ వల్ల ఏం పోతుంది, జాగ్రత్తే కదా అని కొత్తలో నేనూ అన్నాను. మా పరీక్ష మార్గంలో ఒక ఫ్లైఓవర్ ఉండేది. దాని మీద ట్రాఫిక్ ఎప్పుడూ ఆగి ఉంటుంది, కింద రోడ్డు ఖాళీ. కింద నుంచి వేగంగా వెళ్లిన ప్రతిసారీ మా సిస్టమ్ ‘ముందు ఆగిన వాహనం’ అని అరిచేది, ఎందుకంటే పైనుంచి చూస్తే రెండు కార్లూ ఒకే గీత మీద ఉన్నాయి. సందేశంలో ఎత్తు ఉంది కదా అంటారేమో. జీపీఎస్‌కి ఎత్తు విషయంలోనే చూపు మరీ తక్కువ. మూడో రోజుకి మా టెస్ట్ డ్రైవర్ సౌండ్ ఆపేశాడు. మాకు చెప్పలేదు కూడా, లాగ్‌లు చూస్తే తెలిసింది. నాలుగో రోజు నిజమైన హెచ్చరిక ఒకటి వచ్చింది, అతనికి వినబడలేదు. ఆ రోజు ఏమీ జరగలేదు, జరిగి ఉంటే అది రేడియో తప్పు కాదు, మాది.

దీనికి దొరికిన మందుల్లో నాకు బాగా నచ్చింది పాత్ హిస్టరీ. ప్రతి కారూ ఇప్పుడు ఎక్కడుందో మాత్రమే కాకుండా, వెనక్కి కొన్ని వందల మీటర్ల దారిని చుక్కలు చుక్కలుగా పంపుతుంది. వినే కారు ఆ చుక్కలను కలిపి, ‘నేను ఇప్పుడు ఉన్న చోటు మీదుగానే ఆ కారు వెళ్లిందా’ అని చూసుకుంటుంది. మ్యాప్ అక్కర్లేదు. వంపులో అయితే ఇది లేకుండా పని జరగదు. వంపు తిరిగిన రోడ్డులో సరిగ్గా నా ముక్కు ముందున్న కారు నిజానికి ఎదురు లేన్‌లో ఉండవచ్చు, నా లేన్‌లోని కారు ఎడమ పక్కకి కనిపించవచ్చు. ఫ్లైఓవర్ గొడవ కూడా దీంతోనే చాలావరకు తీరింది. పైనున్న కారు చుక్కలు ర్యాంప్ ఎక్కి వచ్చాయి, నా దారిలోంచి రాలేదు. మిగిలిన కాస్త, బీప్ ఎప్పుడు కొట్టాలన్న దానిలో ఉంది. మరీ ముందు కొడితే డ్రైవర్ తలెత్తి చూస్తాడు, ఏమీ కనిపించదు, విసుక్కుంటాడు. ఆలస్యంగా కొడితే అతను అప్పటికే బ్రేక్ మీద ఉంటాడు, ఇంకా విసుక్కుంటాడు. ఈ రెండు విసుగుల మధ్య ఉన్న సందు చాలా ఇరుకు.

ఛానల్ రద్దీ సంగతీ చూడండి. సంతకం, సర్టిఫికెట్ కలుపుకుని ఒక సందేశం 300 బైట్లు వేసుకోండి. మామూలుగా వాడే 6 మెగాబిట్ల వేగంతో అది గాల్లో 0.4 మిల్లీసెకను పడుతుంది. ఒక పెద్ద కూడలిలో ఒకరికొకరు వినబడే దూరంలో 200 వాహనాలు, తలా సెకనుకు 10 సందేశాలు అంటే 2,000. సెకనులో 0.8 వంతు మాటలకే పోయింది, మధ్య మధ్య ఆగి వినాల్సిన విరామాలు ఇంకా లెక్కలో వేయలేదు. అందుకే రద్దీ పెరిగితే ప్రతి కారూ తన మాటలు తగ్గించుకోవాలి, కొంచెం చిన్న గొంతుతో (తక్కువ పవర్‌తో) మాట్లాడాలి అని నియమాలు పెట్టారు. డెమోల్లో ఇది ఎవరికీ కనిపించదు, ఎందుకంటే డెమోలో ఎప్పుడూ రెండే కార్లు ఉంటాయి.

సంతకం అన్నాను కదా. ప్రతి సందేశం మీదా 256 బిట్ల ఎలిప్టిక్ కర్వ్ డిజిటల్ సంతకం ఉంటుంది. లేకపోతే రోడ్డు పక్కన ఎవడో ఒకడు ల్యాప్‌టాప్ పెట్టుకుని 50 దొంగ కార్లను పుట్టించి ట్రాఫిక్ ఆపేస్తాడు. అదే సమయంలో ఆ సంతకం కారు యజమాని ఎవరో బయట పెట్టకూడదు, లేకపోతే మనం ఎక్కడికి వెళ్లామో దారి పొడవునా మనమే చాటుకుంటూ పోయినట్టు. అమెరికా పద్ధతిలో కారుకు వారానికి 20 మారుపేరు సర్టిఫికెట్లు ఇచ్చి, 5 నిమిషాలకోసారి మార్చమంటారు. సర్టిఫికెట్ మారిన క్షణంలోనే తాత్కాలిక ఐడీ, రేడియో అడ్రస్, సందేశాల వరుస సంఖ్య అన్నీ కలిసి మారాలి. ఒక్కటి మర్చిపోయినా ముసుగు వేసుకుని పాత చెప్పులతో నడిచినట్టే. సెకనుకు 2,000 సంతకాలు సరిచూడటం మామూలు ప్రాసెసర్ వల్ల కాదు, దానికి విడిగా హార్డ్‌వేర్ పెడతారు, లేదా నిజంగా ముప్పుగా కనిపించిన కారు సంతకాన్నే సరిచూస్తారు. ఇంత చేసినా ఒక విషయం మిగిలిపోతుంది. సంతకం చెప్పేది ‘ఈ మాట అన్నది నమోదైన కారే’ అని మాత్రమే. ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ 8 మీటర్లు తప్పిన కారు కూడా ఆ తప్పు మీద చక్కగా సంతకం పెట్టి పంపుతుంది.

యాప్ సంగతి. మీ ఫోన్ నుంచి టవర్‌కి, అక్కడి నుంచి సర్వర్‌కి, మళ్లీ టవర్ మీదుగా ఇంకో ఫోన్‌కి. అంతా బాగున్నప్పుడు ఇది ఓ 100 మిల్లీసెకన్లలో అయిపోతుంది, బాగాలేనప్పుడు ఎంతో చెప్పలేం. జేబులో ఉన్న ఫోన్‌కి బ్రేక్ పెడల్ సంగతి తెలియదు, లేన్ అసలే తెలియదు. కాబట్టి మూడు నాలుగు సెకన్లలో గుద్దుకునే పరిస్థితికి యాప్ పనికిరాదు. కానీ కిలోమీటర్ అవతల బండి ఆగి ఉంది, ముందు రోడ్డు జారుడుగా ఉంది లాంటి కబుర్లకు సర్వర్ దారి హాయిగా సరిపోతుంది. వోల్వో కార్లు హజార్డ్ లైట్లు వేసిన కారు గురించి, జారే రోడ్డు గురించి క్లౌడ్ ద్వారానే ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ముందు స్వీడన్, నార్వేల్లో పెట్టి 2019లో యూరప్ మొత్తానికి విస్తరించారు. నన్నడిగితే మామూలు మనిషికి ఇప్పటిదాకా ఎక్కువ ఉపయోగపడింది ఈ రకమే. రేడియో మనిషిని, ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగానే ఉంది.

ఇక 20 ఏళ్లుగా ఎందుకు కనిపించదన్న ప్రశ్న. అమెరికాలో రేడియో తరంగాలను కేటాయించే సంస్థ ఎఫ్‌సీసీ 1999లోనే దీనికోసం 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ పక్కన పెట్టింది. 2012–13లో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో దాదాపు 2,800 వాహనాలతో పెద్ద ప్రయోగం జరిగింది. కూడలి దాటడంలో, ఎడమకు తిరగడంలో సాయపడే రెండు హెచ్చరికలే ఏటా 780 నుంచి 1,080 ప్రాణాలు కాపాడగలవని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2014లో అంచనా వేసింది. కొత్త కార్లన్నింటిలో తప్పనిసరి చేద్దామని 2017 జనవరిలో ప్రతిపాదన ప్రచురించింది. అది చట్టం కాలేదు, 2023లో వెనక్కి తీసుకున్నారు. మధ్యలో 2020లో ఎఫ్‌సీసీ ఆ 75లో 45 మెగాహెర్ట్జ్ తీసుకెళ్లి మామూలు వైఫైకి ఇచ్చేసింది. మిగిలిన 30లో కూడా పాత డీఎస్‌ఆర్‌సీ (802.11పీ వైఫై మీద నడిచే రకం) బదులు సీ-వీటూఎక్స్ (మొబైల్ ఫోన్ టెక్నాలజీ నుంచి వచ్చిన పోటీ రకం) ఉండాలంది, 2024లో దాని నియమాలు ఖరారు చేసింది.

ఈ సీ-వీటూఎక్స్ పేరులో సెల్యులార్ ఉందని దానికి టవర్, సిమ్ కావాలనుకుంటారు. అక్కర్లేదు. 2017లో వచ్చిన ఎల్‌టీఈ (4జీ) రకంలోనే కార్లు టవర్ లేకుండా నేరుగా మాట్లాడుకునే పద్ధతి ఉంది. తేడా అంతా వంతు తీసుకోవడంలో. 802.11పీ ‘ఎవరూ మాట్లాడటం లేదు కదా’ అని విని మొదలుపెడుతుంది. ఇద్దరు ఒకరికొకరు వినబడని చోట ఉంటే మధ్యలోని మూడోవాడి చెవిలో ఇద్దరూ కలిసి మాట్లాడేస్తారు. సీ-వీటూఎక్స్ కాసేపు గమనించి ఖాళీగా ఉన్న ఒక సమయపు గడిని పట్టుకుని, 100 మిల్లీసెకన్లకోసారి అదే గడిలో మాట్లాడుతుంది. ఇద్దరు పొరపాటున ఒకే గడి పట్టుకుంటే, మళ్లీ గడి మార్చుకునేదాకా వాళ్ల మాటలు వరుసగా ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉంటాయి. దేని జబ్బు దానిది. బ్యాండ్ ఒక్కటే అయినా ఒకదాని మాట ఇంకోదానికి అర్థం కాదు, అసలు నష్టం అదే. 2018లో చైనా 5905–5925 మెగాహెర్ట్జ్ సీ-వీటూఎక్స్‌కి కేటాయించింది. యూరప్‌లో 2019లో వచ్చిన ఎనిమిదో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌లో వైఫై రకం ఉంది. వైఫై రకాన్ని ముందుకు తెచ్చే నిబంధనను అదే ఏడాది సభ్య దేశాలు తోసిపుచ్చాయి. టయోటా 2021 నుంచి అమెరికా కార్లలో డీఎస్‌ఆర్‌సీ పెడతామని 2018లో ప్రకటించి, ఏడాదికే ఆపేసింది. ఏది గెలుస్తుందో తెలియనప్పుడు ప్రతి కారులో అదనపు ఖర్చు ఎవరు పెడతారు? ఇంజనీర్లుగా మా వాళ్లం రెండు వైపులా చేరి పేపర్ల మీద పేపర్లు రాశాం. డ్రైవర్‌కి ఏది ఉన్నా ఒకటే, ఏదో ఒకటి ఉండాలి.

పైగా దీనికి మొదటి కొనుగోలుదారుడికి లాభం లేని జబ్బు ఉంది. 100 కార్లలో 10కి ఈ రేడియో ఉంటే, ఎదురుపడ్డ రెండు కార్లకూ ఉండే అవకాశం 10 శాతం కాదు, 1 శాతం. 30 ఉంటే 9, సగం కార్లలో ఉన్నా పావు వంతు సందర్భాలే. సీట్‌బెల్ట్ కొన్నవాడికి ఆ రోజు నుంచే ఉపయోగం. ఇది కొన్నవాడు ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. ఈ లెక్క నుంచి తప్పించుకునే దారి రోడ్డు పక్కన, రోడ్డు పనుల బండ్ల మీద, అంబులెన్స్‌ల మీద ముందుగా రేడియోలు పెట్టడం. అప్పుడు 10 శాతం కార్లకు 10 శాతం లాభం వస్తుంది. జర్మనీ, ఆస్ట్రియా హైవేల మీద పనులు జరిగే చోట హెచ్చరిక ట్రైలర్లు ఇలా సందేశాలు పంపుతున్నాయి. వేగంగా వస్తున్న కారు ఆ ట్రైలర్‌నే గుద్దడం అక్కడి పనివాళ్ల పెద్ద భయం, కాబట్టి దీనికి డబ్బు పెట్టడానికి వెనకాడరు.

ఇప్పుడు మీ ప్రాజెక్ట్. 5.9 గిగాహెర్ట్జ్ జోలికి వెళ్లకండి, లైసెన్సు గొడవ. ఈఎస్‌పీ32 బోర్డులు రెండు తీసుకుని ఈఎస్‌పీ-నౌ అనే వాటి సొంత రేడియో పద్ధతి వాడండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, రౌటర్‌తో కలవకుండానే బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది, 802.11పీ ఆత్మ కొంత అందులో ఉంది. ఒక్కో సందేశానికి కనీసం 250 బైట్లు దొరుకుతాయి, మీకు 60 కూడా పట్టవు. జీపీఎస్‌కి అందరూ కొనేది నియో-6ఎం. అది పెట్టెలోంచి తీయగానే సెకనుకు ఒక్కసారే స్థానం చెప్తుంది. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 16 మీటర్లకు పైగా కదిలిపోతాం, అంటే రేడియో ఎంత వేగంగా ఉన్నా కబురు పాతదే. సెట్టింగ్ మార్చి 5కి పెంచండి, అంతకు మించి అది పెరగదు. మధ్యలో స్థానాన్ని వేగం, దిక్కు బట్టి మీరే అంచనా కట్టుకోవాలి. సందేశంలో ‘ఈ స్థానం ఎప్పటిది’ అన్న సమయం కూడా పంపండి, బోర్డు గడియారం కాదు, జీపీఎస్ సమయం. మా మొదటి ప్రోటోటైప్‌లో ఇది మర్చిపోయి రెండు వారాలు రేడియోని తిట్టుకున్నాం.

మొదటి రోజే కార్లలో పెట్టకండి. రెండు బోర్డులనూ సరిగ్గా ఒక మీటరు దూరంలో, ఆకాశం కనిపించే చోట కదలకుండా పెట్టి అరగంట లాగ్ తీయండి. రెండింటి మధ్య దూరం ఎంతని అవి చెప్తున్నాయో గ్రాఫ్ గీయండి. ఒక్కటి కాక ఐదు, ఆరు అని వస్తే ఆశ్చర్యపోకండి. ఆ చిప్ చెప్పుకునే కచ్చితత్వమే 2.5 మీటర్లు. తర్వాత గోడ పక్కన పెట్టి మళ్లీ తీయండి. ఆ రెండు గ్రాఫులు చూశాక లేన్ గుర్తించే హెచ్చరిక చేస్తామని మీరే అనరు. ‘ముందు కారు గట్టిగా బ్రేక్ వేసింది, నా దిక్కులోనే వెళ్తోంది, 150 మీటర్ల లోపు ఉంది’ అన్నంతవరకే చేస్తారు. అది చాలు, బాగా చేస్తే అదే మంచి ప్రాజెక్ట్.

ఎక్కువ కార్ల సంగతి చూడాలంటే సుమో అనే ట్రాఫిక్ సిమ్యులేటర్, దానికి రేడియో వైపు వీన్స్ కలపండి. రెండూ ఉచితమే. 200 కార్లు పెట్టి ఛానల్ ఎలా ఉక్కిరిబిక్కిరి అవుతుందో చూపిస్తే ఎగ్జామినర్ ఎల్‌ఈడీ వెలగడం కన్నా దాన్నే గుర్తు పెట్టుకుంటారు. రిపోర్ట్‌లో ‘హెచ్చరిక వచ్చింది’ అని రాసి వదిలేయకండి. ఏ ప్రమాదమూ లేకుండా గంటసేపు తిరిగితే ఎన్ని తప్పుడు బీప్‌లు వచ్చాయో కూడా రాయండి. ఇంకొకటి, గట్టి బ్రేక్ పరీక్షలు జనం తిరిగే రోడ్డు మీద వద్దే వద్దు. ఖాళీ మైదానంలో, సైకిళ్ల మీద చేసినా లెక్కలన్నీ వస్తాయి.

ఆ మొదటి అరగంట లాగ్ తీశాక గ్రాఫ్ ఇక్కడే పెట్టండి. అంచనా కట్టే ఫిల్టర్ ఎలా రాయాలో దాన్ని చూసి చెప్తాను.